టోపీ సారు ఆడిన పారువేట

ఆ రోజుల్లో నాకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది కోపమే. డోన్‌లో ఒక లారీ ఆఫీసులో పనిచేసేదాన్ని. పగలంతా డ్రైవర్లతో గొంతు చించుకుని, సాయంత్రం బస్సులో సీటు కోసం తగవుపడి, ఇంటికొచ్చాక ఇంకా ఏమైనా మిగిలి ఉంటే అది అమ్మ మీద ఖర్చుపెట్టేదాన్ని. "దీన్ని చేసుకునేవాడు యాడ పుట్టినాడో, వాని గతేమో" అని అమ్మ, ఇంకా దొరకని అల్లుడి మీద అప్పుడే జాలిపడేది. వయసు పెరిగేకొద్దీ కోపం చల్లారుతుందంటారు. ఏమో, ఈ ఒక్క సంగతి తలుచుకుంటే మాత్రం నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. ఆ వెంటనే నవ్వూ వస్తుంది.

మా ఊళ్లో ఉగాది మరునాడు పారువేట. దేవుడు పల్లకీ ఎక్కి కొండ కిందికి వేటకు వస్తాడు. దేవుడే వచ్చినా వేటకు జంతువును మనుషులే తేవాలి కదా, ఆ వంతు మా ఇంటిది. తెల్లవారకముందే నాయన వల భుజాన వేసుకుని కొండెక్కి, ప్రాణంతో ఒక కుందేలును పట్టి గంపలో తెచ్చేవాడు. దాన్ని పల్లకీ కింద అటూ ఇటూ దాటించి వదిలేవారు. అది కొండవైపు పరుగుతీస్తే ఆ ఏడు వాన, ఊరివైపు వస్తే కరువు. పత్తికొండ వైపు నుంచి కూడా రైతులు బండ్లు కట్టుకుని వచ్చి, ఆ నాలుగు కాళ్లకేసి ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. కుందేలు వెంట పరుగెత్తిన వేటగాడి మెడలో పూజారి స్వామి శేషవస్త్రం వేసేవాడు. అది మా తాత మెడ తర్వాత మా నాయన మెడకే వచ్చింది. (వదిలిన కుందేలు చివరికి ఏమయ్యేదని మాత్రం అడగకండి. కొన్ని ఏండ్లలో ఆ సాయంత్రం మా వీధిలో మసాలా వాసన వచ్చేదని ఒప్పుకుంటాను, అంతకుమించి చెప్పను.)

ఇట్లా ఉండగా మా కొండను అభయారణ్యం చేశారు. చుట్టూ ముళ్లకంచె వేసి, గేటు దగ్గర జింకబొమ్మ ఉన్న బోర్డు పెట్టి, ఒక అటవీ అధికారిని తెచ్చి కూర్చోబెట్టారు. కోస్తా మనిషి. నిద్రలో కూడా టోపీ తీయడని, దాని కింద బట్టతలేనని ఊళ్లో అనుకునేవాళ్లు, అందుకే టోపీ సారు అయిపోయాడు. కట్టెపుల్ల తేకూడదు, వంకలో చేప పట్టకూడదు, వల కనిపిస్తే కేసు. పారువేట దగ్గరపడుతుంటే నాయన తరఫున నేనే గేటు దగ్గరికి పోయాను.

"చంపం సార్. పట్టి, దేవునికి చూపించి, వదిలేస్తాం" అన్నాను.

"పట్టుకోవడం కూడా చట్టంలో వేటేనండమ్మా."

"మరి మా ఇంట్లో ఎలుకల బోను పెట్టినాం. అదీ వేటేనా?"

"ఎలుక వేరండి" అన్నాడాయన, ఎంతో ఓర్పుగా. ఆ ఓర్పే నాకు మరింత మంట.

సరిగ్గా అప్పుడే కొండకు ఆ పక్కన క్వారీలో బండలు పేల్చే మందు ధన్‌మని పేలింది. గేటు మీది కాకులన్నీ లేచిపోయాయి. కంచెకు బెత్తెడు అవతల బండలు పగలగొట్టుకోవడానికి ఎవరికో పర్మిషన్ ఉంది. "అది?" అన్నాను. "అది మా పరిధిలోకి రాదండి" అన్నాడు. అంటే ఏమిటి? కొండ అదిరిపోయేట్టు పేలిస్తే కుందేలు నిద్ర చెడదు, చెప్పులు కూడా వేసుకోని మా నాయన నడిస్తే చెడుతుంది! ఏ పొదలో ఏ కుందేలు ఈనిందో తెలిసి, పిల్లతల్లి జోలికి ఏనాడూ పోని మనిషి దొంగ, లారీలో కొండను పోసుకుని పోయేవాడు దొర. ఆ రోజు ఇంటికొచ్చి నేను గిన్నెలు తోమితే రెండిటికి సొట్టలు పడ్డాయి.

గుడి వ్యవహారాలు చూసే కిరాణా శెట్టి మరునాడే మా ఇంటికొచ్చాడు. "ఏమప్పా, నీతో కాకుంటే చెప్పు. కింది వీధిలో గమ్మున కంచె దూరి పట్టకొచ్చేవాళ్లు ఉండారు. వంతు వాళ్లకిస్తాం" అన్నాడు. "దేవునికి దొంగతనంగా తెచ్చేది నాకు చేతకాదు శెట్టీ" అన్నాడు నాయన. ఆ సాయంత్రం వలను దులిపి, మడిచి, అటక మీద పెట్టేశాడు. కోపం తెచ్చుకోవడం కూడా రాని మనిషి. ఆయన వాటా కూడా నాకే వచ్చింది కాబోలు.

మరునాడు డోన్ సంతలో ఒక పెంపుడు కుందేలును కొన్నాను. తెల్లగా, ఎర్ర కళ్లతో, పెళ్లికూతురిలా ఉంది. వైరు బుట్టలో బస్సెక్కిస్తే, పక్కామె సంచిలోని కొత్తిమీర కట్టను ఊరు చేరేలోపు నున్నగా మేసింది. తెల్ల కుందేలును మా ఊరివాళ్లు కుందేలుగా ఒప్పుకోరు. అందుకని పారువేటనాడు పొద్దున్నే ఎర్రమన్ను కలిపి దానికి తల నుంచి తోక దాకా పట్టించాను. "సున్నం కొట్టినట్టు కొడతాండావు, పాపం గదే!" అంది అమ్మ. నాయన చూసి, "శానా బాగుండాది" అన్నాడు. ఆయన నవ్వు ఆపుకుంటున్నాడో ఏడుపు ఆపుకుంటున్నాడో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం పల్లకీ వచ్చింది. జనం, డప్పులు, బూరలు. అడవి కుందేలును తెచ్చారేమో చూద్దామని టోపీ సారు కూడా వచ్చి ముందు వరుసలో నిలబడ్డాడు. నాయన గంప దించి, మా కుందేలును పల్లకీ కింద దాటించి వదిలాడు. అది కదల్లేదు. డప్పులు పెంచారు. అది తీరిగ్గా కూర్చుని, ముందుకాళ్లతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టింది. తుడిచేకొద్దీ మన్ను రాలింది. కాసేపటికి ఊరందరి ముందు ఒక తెల్లటి తల, ఎర్రటి ఒళ్లు ఉన్న జంతువు తయారైంది. పూజారి మంత్రం ఆపి, "ఇదేం జాతమ్మా?" అన్నాడు. నవ్వులు కొండకు కొట్టుకుని తిరిగొచ్చాయి. నాకు భూమిలోకి దూరాలనిపించింది.

"యా దిక్కుకూ పోకపోతే వాన సంగతి ఏం జెప్పేదప్పా?" అని శెట్టి నాయన మీద లేచాడు.

"దాని తప్పేముండాది శెట్టీ?" అన్నాడు నాయన. "కొండలోకి పోతే కేసు పెడతారని దానికీ ఎవరో చెప్పింటారు."

జనం నవ్వడం ఆగిపోయింది. అందరూ టోపీ సారు వైపు తిరిగారు. ఆయన ఏదో చెప్పబోయేంతలో క్వారీలో మళ్లీ మందు పేలింది. అంతే, మా పెళ్లికూతురు గాల్లోకి ఎగిరి, నేరుగా కొండ దిక్కుకు లగెత్తింది.

"ఆపండి! పెంపుడు కుందేలు అభయారణ్యంలోకి వెళ్లకూడదు! రోగాలు తెస్తుంది!" అని అరుస్తూ టోపీ సారు దాని వెంటపడ్డాడు. మా ఊరివాళ్లు ఇలాంటి అవకాశం వదులుతారా? డప్పులు అందుకున్నాయి. "పట్టు సారూ! ఎడమపక్క! పొద కింద!" అని ఊరంతా కేకలు. టోపీ ఎగిరిపడింది (తల మీద నిక్షేపంగా జుట్టుంది, పాపం అన్నీ పుకార్లే). చివరికి ఆయన కంచె దగ్గర బోర్లా పడి, దాని వెనక కాళ్లు దొరకబుచ్చుకున్నాడు. మోచేతులు దోక్కుపోయి, రొప్పుతూ కుందేలును గుండెకు హత్తుకుని పల్లకీ ముందుకు వచ్చాడు. ఆ ఏటి పారువేట అట్లా చట్టబద్ధంగా జరిగింది.

పూజారి చేతిలో శేషవస్త్రం పట్టుకుని ఎవరికి వేయాలో తెలియక నిలబడ్డాడు. నాయన దాన్ని తీసుకుని, తానే టోపీ సారు మెడలో వేశాడు. "ఈ ఏడు వంతు మీది సారూ" అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు. అదే నాకు భరించరానిదైంది. టోపీ సారు తలవంచుకుని, "నాదేముందండి, పైనుంచి వచ్చిన ఆర్డరు" అని గొణిగాడు. శెట్టి మాత్రం శకునం వదల్లేదు. "కొండ దిక్కుకే పోయింది, నడిమధ్యలో పట్టకొచ్చినారు. అంటే ఈ ఏడు మోడం వస్తాది, వాన రాదు." (అక్షరాలా అట్లాగే జరిగింది, మబ్బులు పట్టాయి, చుక్క రాలలేదు. మా సీమలో ఈ జోస్యం ఎవరు చెప్పినా నిజమే అవుతుంది.)

తర్వాత పారువేటకు చెక్క కుందేలు చేయించారు. దానికి వేటగాడు అక్కర్లేదు, వంతూ అక్కర్లేదు. తెల్ల కుందేలు మా ఇంట్లోనే పెరిగి ముసలిదై పోయింది. సాయంత్రాలు నాయన దాన్ని చంకన పెట్టుకుని కంచె దాకా నడిచి, కాసేపు నిలబడి వచ్చేవాడు.

పోయిన ఏడాది ఆ గేటు దగ్గర జీపులు పెట్టారు, అడవి చూపించడానికి. టికెట్టు కొని నాయనను ఎక్కించాను. తన కొండను తాను చూడటానికి టికెట్టేమిటని ఆయన అడగలేదు. ఆ ప్రశ్న నేనే కౌంటర్లో గట్టిగా అడిగాను. మలుపు దగ్గర ఒక కుందేలు దారికి అడ్డంగా వచ్చి ఆగింది. మట్టిరంగు, అసలుది. అందరూ ఫోన్లు ఎత్తారు. నాయన ఒక్కడే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, తెలియకుండానే ఒక కాలు జీపు కిందికి దించాడు. "దిగకూడదు పెద్దాయనా, రూలు!" అన్నాడు గైడు కుర్రాడు.

నేను కొంగు బిగించాను. వాడికి చెప్పవలసిన మాటలన్నీ ఆ రోజుల నుంచి నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. ఇంతలో నాయన కాలు లోపలికి తీసుకుని, నా చేయి పట్టుకుని, "గమ్మునుండు పాపా" అన్నాడు. కుందేలు చెవులు నిక్కించి, ఒక్క దూకులో కొండ దిక్కుకు పోయింది. వెంటపడేవాళ్లు ఎవరూ లేరు.

"పోయింది చూడు," అన్నాడు నాయన, "ఈ ఏడు వాన పడతాది."

పడిందో లేదో చెప్పను. నా వేళ్లకు ఎర్రమన్నేమైనా అంటుకుని ఉందేమోనని మాత్రం, ఎందుకో, ఒకసారి చూసుకున్నాను.