జుట్టు కోసం అరువు తెచ్చుకున్న నాన్న

ఆ రోజుల్లో బట్టతల అంటే పెద్దవాళ్లకి రావలసిన వస్తువని అందరి నమ్మకం. (ఇప్పటి కుర్రాళ్లు డబ్బిచ్చి మరీ నున్నగా గొరిగించుకుంటున్నారు. మేం కాస్త తొందరపడి పుట్టాం.) విశాఖపట్నం పోర్టులో గుమాస్తాగా చేరిన రెండేళ్లకి, అంటే నా ఇరవై నాలుగో ఏట, నా నుదురు రెండు పక్కలా లోపలికి జరిగిపోయింది. ఆ తల గురించి నేనాడిన ఒక అబద్ధం వల్ల ఈ ఊళ్లో ఒక మంచి డాక్టరు పేరు పాడైంది. తప్పు ఆయనది కాదు, నాది. ఇన్నేళ్ల తర్వాతైనా ఆ సంగతి సరిదిద్దాలనే ఇది రాస్తున్నాను.

కాకినాడలో ఒక సంబంధం చూడటానికి వెళ్తే, పెళ్లికూతురి బామ్మ నాకు మంచినీళ్లిచ్చి, "అబ్బాయి వెనకాల వస్తున్నాడా బాబూ?" అని అడిగింది. ఆ మర్నాడే నేను ఆ డాక్టరు దగ్గరికి వెళ్లాను. చర్మవ్యాధుల డాక్టరు, బొంబాయిలో కొత్త పని నేర్చుకుని వచ్చారు. తల వెనక నుంచి జుట్టుతో సహా గుండ్రటి ముక్కలు తీసి (మా ఆఫీసులో ఫైలు కాయితాలకి బెజ్జాలు పొడిచినట్టే) ముందు వరసగా నాటుతారు. ఆయన నా తల అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడు వద్దన్నారు. "మీ జుట్టు ఎక్కడిదాకా వెనక్కి పోతుందో ఇంకా తెలియదు. తెలియకుండా ముందు నాటితే, దాని వెనకున్నదంతా రాలిపోయి నాటిందొక్కటే మిగులుతుంది. అప్పుడు పూడ్చడానికి వెనక సరుకు చాలదు. ముప్పై దాటాక రండి." నేను బతిమాలాను. చివరికి, "పోనీ మీ నాన్నగారిని తీసుకురండి, ఆయన తల చూసి చెబుతాను" అన్నారు.

మా నాన్న తల అప్పటికే ఇత్తడి చెంబు. తాతయ్యదీ అంతే. మా వంశంలో దువ్వెన కొన్నది ఆడవాళ్లే. అందుకని కంచరపాలెంలో మా పక్కవాటాలో ఉండే జూలు మావని పట్టుకున్నాను. శ్రీకాకుళం వైపు మనిషి, పోర్టులో ఓడల సరుకులెత్తే వించ్ డ్రైవరు. అరవై దగ్గర పడుతున్నా జుట్టు మెడ మీదికి దిగి ఉండేది, ఆ పేరు అందుకే వచ్చింది.

"నీ అయ్య నిచ్చేపంలా ఇంట్లో కూకునుంటే నాను నాన్ననేటి, అల్లుడా? రేపు ఆయన మొకం ఎలా సూసేది?" అన్నాడు.

"ఒక్క పూట మావా. నువ్వేం మాట్లాడొద్దు, తల చూపించి వచ్చెయ్."

అలా అయితే సరేనన్నాడు. కానీ మాట్లాడకుండా ఉండటం ఆయన వల్ల అయ్యే పనా? డాక్టరు ఆయన జుట్టు నాలుగు వేళ్లతో పట్టి లాగి చూస్తుంటే, "నెమ్మది బాబూ, కోడిని పీకినట్టు పీకేత్తన్నారు" అన్నాడు. మీ నాన్నగారి తల ఎలా ఉండేదని అడిగితే, "మా అయ్య సచ్చిపోయినప్పుడు కూడా జుట్టు ముడేసే ఉంది" అన్నాడు. డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మీ మాట శ్రీకాకుళంలా ఉంది, మీ అబ్బాయి మాట గోదావరిలా ఉందే?"

"ఆడికి ఆళ్లమ్మ యాసొచ్చింది బాబూ. తలకాయి మాత్రం నాదే."

డాక్టరు కలం తీసి, నా కార్డు మీద "తండ్రికి బట్టతల లేదు" అని రాశారు.

పని శుభ్రంగా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆర్నెల్లకి ముందు రెండు వరసలు మొలిచాయి. దగ్గరగా చూస్తే నాట్లేసిన మడిలా ఉన్నా, దూరానికి జుట్టే. అనకాపల్లి సంబంధం కుదిరింది, పెళ్లయింది. రెండేళ్లు తిరిగేసరికి డాక్టరు చెప్పినట్టే, అచ్చు మా నాన్నకి జరిగినట్టే, వెనకున్నది వెనక్కి పోయింది. ముందు రెండు వరసల కుచ్చులు, వాటి వెనక ఖాళీ. ఆఫీసులో నాకు బ్రేక్‌వాటర్ (అలలకి అడ్డంగా సముద్రంలో కట్టే రాళ్ల గోడ) అని పేరు పెట్టారు. ఏమైందని అడిగిన ప్రతివాడికీ, "ఏముంది, డాక్టరు పాడు చేశాడు" అని చెప్పాను. క్యాంటీన్‌లో చెప్పాను, బస్సులో చెప్పాను, చివరికి నా భార్యకీ అదే చెప్పాను. చేయించుకుందామనుకున్న మా హెడ్‌క్లర్కు నా తల చూసి మానుకున్నాడు. కొన్నాళ్లకి ఆ డాక్టరు బోర్డు మీద జుట్టు నాటడం గురించిన వరస ఒక్కటీ తెల్లరంగుతో కొట్టేసి కనిపించింది. నేను రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచాను. ఆ తర్వాత చాలా ఏళ్లు అలాగే నడిచాను.

నలభై దాటాక చేతుల మీద దద్దుర్లు వచ్చాయి. ఎన్ని మందులు వాడినా తగ్గకపోతే, జుట్టు మాటెలా ఉన్నా చర్మానికి ఆయనేనని నా భార్య నన్ను ఆ డాక్టరు దగ్గరికే లాక్కెళ్లింది. ఆయన ముందు నా చేతులు చూడలేదు, తల చూశారు. ఇక తప్పించుకునే దారి లేక, ఆవిడ ముందే అంతా చెప్పేశాను.

"ఆయన మీ నాన్నగారు కాదని నాకు ఆ రోజే తెలుసు. మీరు రెండుసార్లు మావా అని పిలిచారు" అన్నారు డాక్టరు.

"మరెందుకు చేశారండీ?"

ఆయన మందు చీటీ రాయడం ఆపారు. "అప్పటికి నేను బొంబాయి నుంచి వచ్చి ఏడాది అయింది. అంత దూరం వెళ్లి నేర్చుకున్న పని చేయించుకుంటానని వచ్చింది మీరొక్కరే. నమ్మాలనిపించింది, నమ్మాను. తప్పులో సగం నాకూ ఉంచండి."

నేను ఉంచలేదు. మర్నాడు క్యాంటీన్‌లో అందరి ముందూ అసలు సంగతి చెప్పాను. రిటైరు కాబోతున్న హెడ్‌క్లర్కు తన నున్నటి తల తడుముకుని, "ఇప్పుడా సెప్పడం బావా?" అని టీ తాగేశాడు.

ఆ రెండు వరసలూ నెరిసిపోయి ఇంకా నిటారుగానే ఉన్నాయి. పొద్దున్నే వాటినే దువ్వుకుంటాను. ఆ రెండు వరసల రూపంలో, పెళ్లిచూపులకి తయారైన ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ఇంకా ముందు నిలబడే ఉన్నాడు. తన వెనక వస్తున్న వాళ్లంతా ఎప్పుడో ఇళ్లకి వెళ్లిపోయారని వాడికి చెప్పడానికి నాకు ఇప్పటికీ మొహమాటమే.