ముందు ఉర్దూల చూడు

ఇచ్చోడ చరిత్ర రాసే మహానుభావుడు ఎప్పటికైనా పుడితే, దాన్ని రెండు యుగాలుగా విభజించక తప్పదు: హనుమండ్లు చాయ్ గ్లాసును రెండు చేతులతో అందుకోకముందు, అందుకున్న తర్వాత. మొదటి యుగంలో బస్టాండు ముందరి హోటల్లో జనం గ్లాసును రెండు వేళ్లతో పట్టుకునేవాళ్లు. నాలుగేండ్ల కింద ఖతర్ నుంచి తిరిగొచ్చిన హనుమండ్లు, హోటలు ఓంప్రకాశ్ చాచిన గ్లాసును తీర్థం తీసుకున్నట్టు రెండు చేతులా అందుకొని, పక్కన కూసున్న పెద్దమనిషికి మొహం చాటు చేసి తాగిండు. పెద్దమనిషి అలిగి లేచిపోయిండు. కొరియాలో పెద్దల ముందు మందు తాగే మర్యాద అదేనని, తాను దాన్ని చాయ్‌కి కూడా వర్తింపజేసినానని హనుమండ్లు వివరించిండు. అలక తీరడానికి మూడు నెలలు పట్టింది.

యాభై ఒక్క ఏండ్ల హనుమండ్లు ఖతర్‌లో పద్నాలుగేండ్లు ఇనుప సలాకలు కట్టిండు. ఇంట్ల తెలుగు, బజార్ల ఉర్దూ, మేనత్త దిక్కు మరాఠీ, సంతనాడు నాలుగు గోండి మాటలు. ఇన్ని భాషలతో పెరిగినోడు కనుక క్యాంపుల ఎవరూ నియమించకుండనే దుబాసీ అయిండు.

సైటు మీద ఇద్దరు సార్లు. పని చేయించే ఫోర్‌మెన్ పార్క్ సార్‌ది కొరియా. పని ఆపించే సేఫ్టీ ఆఫీసర్‌ది దక్షిణాఫ్రికా, పేరు కూస్. ఎవరైనా ఆయన్ని పేరు పెట్టి పిలిస్తే మనవాళ్లు పది మంది ఉన్నచోటనే కూసునేవాళ్లు. సార్లిద్దరికీ ఇంగ్లీషు వచ్చు. కాని కోపమొస్తే ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. కోపం రాని రోజు లేదు కనుక లేబర్‌కు రెండు భాషలు అవసరం పడ్డయి.

హనుమండ్లు పరిశోధన ప్రకారం కొరియా భాషకు మనతో చుట్టరికం లేదుగాని నడక మాత్రం చుట్టాలదే. క్రియ వాక్యం చివరికే వస్తది. పార్క్ సార్ నోరు మూసేదాకా కట్టుమంటుండో ఇప్పుమంటుండో తెల్వదు. మనకు తిను, తినుండ్రి ఉన్నట్టు వాళ్లకూ ఉన్నయి, ఇంకో నాలుగు మెట్లు ఎక్కువే. తండ్రిని అప్పా అంటరు. తొందరగా అనేందుకు పల్లీ పల్లీ అంటరు. మొదటి వారం సార్ అట్ల అరుస్తుంటే హనుమండ్లు పావుకిలో పల్లీలు వేయించి తెచ్చి ఇచ్చిండు. సార్ తిన్నడు. తిని మళ్లీ పల్లీ పల్లీ అన్నడు.

కూస్ సార్‌ది ఆఫ్రికాన్స్. డచ్చివాళ్ల భాష ఆఫ్రికాకు పోయి, ఎండకు తాళలేక మీది బట్టలు ఇప్పేసినట్టు ఉంటది. నేను వస్త, నువ్వు వస్తవు, ఆయన వస్తడు అని మనం మార్చి మార్చి చెప్పేదానికి వాళ్లకు ‘కోమ్’ ఒక్కటే. మేనేజరైనా కోమ్, మేస్త్రీ అయినా కోమ్. అట్లని మర్యాద లేదనడానికి లేదు. పెద్దవాళ్లను మనం కాకా అన్నట్టు ‘ఊమ్’ అంటరు. ఇగ కాదు, లేదు అనాలంటే ‘నీ’ అనే మాట రెండుసార్లు పెడుతరు: ఎక్ కన్ నీ కోమ్ నీ, నేను రాలేను. మొదటి నీ విననోడు రెండోదైనా వింటడని కావచ్చు.

ఈ రెండు భాషల కింద బతికేటందుకు హనుమండ్లు ఒక శాసనం చేసిండు. పక్క మంచం మీద పండుకునే రజాక్‌కు దాన్ని నేర్పిండు. రజాక్ సుల్తానాబాద్ మనిషి, తనకన్న ఎనిమిదేండ్లు చిన్న.

“తెల్వని మాట చెవుల పడితే ముందు ఉర్దూల చూడు. దొర్కకపోతే తెలుగుల చూడు. గండ్ల గూడ లేకుంటే ఉరుకు.”

శాసనం కొన్నేండ్లు బాగనే నడిచింది. ఆరేండ్ల కింద ఒక మధ్యాహ్నం క్రేన్ మీది నుంచి సలాకల కట్ట జారింది. పార్క్ సార్ ‘బిక్యో’ అని అరిచిండు. కూస్ సార్ ‘పాస్ ఓప్’ అని అరిచిండు. ఒకటి తప్పుకో అని, ఇంకోటి జాగ్రత్త అని. రజాక్ తప్పుకోలే. కట్ట కిందికే రెండడుగులు వేసిండు. ఎడమ పాదం పోయింది.

ఆ సాయంత్రం హనుమండ్లు మంచం మీద కూసొని తన శాసనాన్ని తానే అమలు చేసి చూసిండు. బిక్యో ఉర్దూల లేదు, తెలుగుల లేదు. పాస్ ఓప్ ఉర్దూల ఉంది. పాస్ ఆవ్. దగ్గరికి రా.

రజాక్ ఇంటికి వచ్చిండు. తర్వాత రెండేండ్లకు హనుమండ్లూ వచ్చిండు. తన మాటే ఆ పాదం తీసిందా అని అడగాల్సింది ఒక్క మనిషినే. ఆ మనిషి ఫోన్ చేస్తే హనుమండ్లు ఎత్తలేదు.

అప్పటి సంది ఆయన మొహం ఆఫ్రికాన్స్ క్రియ లెక్క అయింది: ఎవరికైనా, ఎప్పుడైనా ఒకటే రూపం. బిడ్డ వందన అప్పగింతలప్పుడు అందరు ఏడుస్తుంటే ఈయన టెంటు గుంజలు సరిగ్గ కట్టలేదని చూసుకుంట నిలబడ్డడు. సోయా చేను మునిగింది. దానికీ అదే మొహం.

“పెండ్లికీ వానకూ ఒక్క తీరే ఉంటవేందయ్యా?” అన్నది భార్య నర్మద. “జర ఏడువు. ఏడుపు రాకుంటే నన్నన్న తిట్టు.”

“ఏమని తిట్టాలె?”

“అది గూడ నేనే చెప్పాల్నా!”

ఈ ఎండకాలం వాట్సాప్‌ల రజాక్ గొంతు వచ్చింది. ఫోన్ నర్మద చేతుల ఉండె కనుక ఈసారి వినక తప్పలేదు. “హనుమండ్లన్నా, బతికున్నవా? మా నౌషీన్ దినాం కొరియా సీరియళ్లు చూస్తది. నాకు కొరియా భాష వస్తదని గొప్పలు చెప్పిన. ఇప్పుడు పొల్ల ప్రశ్నల మీద ప్రశ్నలు, బగ్గ పరేషాన్ ఉన్న. ఒక్కసారి వచ్చి నా ఇజ్జత్ కాపాడే.”

“నువ్వు పోతవా, నేను పోవాల్నా?” అన్నది నర్మద.

నిర్మల్‌ల ఒక బస్సు, కరీంనగర్‌ల ఒక బస్సు మారి హనుమండ్లు సుల్తానాబాద్‌ల దిగిండు. రజాక్‌కు ఇంటి ముందరి గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ప్లాస్టిక్ పాదానికి కూడా చెప్పు తొడిగిండు. రజాక్ భార్య నసీమా కుర్చీ వేసి, “ఆరేండ్లకు దారి దొరికిందా భాయ్?” అన్నది. హనుమండ్లు కూసున్నడు.

డిగ్రీ చదివే నౌషీన్ ఫోన్ పట్టుకొని వచ్చింది. “చాచా, అప్పా అంటే నాయినే గద? మా అబ్బా అప్పడం అంటుండు.”

“నాయినే, బిడ్డా.”

“వాళ్లు అన్నం తినుకుంట అన్నరే, నేనేం జేయాలె!” అన్నడు రజాక్. “తినేకాడ అప్పా అంటే ఎవరైనా అప్పడమే అనుకుంటరు.”

తల్లీబిడ్డా నవ్వుకుంట లోపలికి పోయిండ్రు. హనుమండ్లు నవ్వలే. పెద్దల పంచాయితీలో వాంగ్మూలం ఇచ్చినట్టు నేల దిక్కు చూసుకుంట మొదలుపెట్టిండు. తాను నేర్పిన శాసనం, అందులో మొదటి నియమం, కూస్ సార్ అరిచిన మాట, ఆ మాటకు ఉర్దూల వచ్చే అర్థం, రజాక్ వేసిన రెండడుగులు. ఎక్కడా ఆగలే, గొంతు మారలే. ఇచ్చోడ నుంచి వచ్చే బస్సు ఏ ఊళ్ల మీద పోతదో చెప్పినట్టే చెప్పిండు.

రజాక్ చేతుల ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టిండు.

“ఇదంత ఆరేండ్ల సంది మనసుల పెట్టుకున్నవా?”

“ఊ.”

“ఫోన్ల అడిగితే అయిపోతుండె గద.”

“ఔనంటవేమోనని అడగలే.”

“పాస్ ఆవ్...” రజాక్ ఒకసారి పైకి అని చూసుకున్నడు. “మాట మంచిగనే కుదిరిందే. ఎంత చదివినోడైనా ఇంత కలుపడు.”

“కుదరుడు కాదు రజాకూ. గట్లనే విన్నవా, లేదా?”

“ఏం వినలే అన్నా. చెవులల్ల బిరడాలు ఉండె. కూస్ సార్ ఇచ్చినయే, పసుపుపచ్చయి.”

“మరి అటెందుకు పోయినవ్?”

“దూప అయింది.”

నీళ్ల డ్రమ్ము అటుదిక్కే ఉండె.