ఊపిరాడని కారు

ఎండాకాలం మొదట్లో ఆర్మూరు మార్కెట్ దగ్గర కారు ఆపితే చాలు, అద్దాలు ఎంత బిగించినా పసుపు దుమ్ము వాసన లోపలికి వచ్చేస్తుంది. ఘాటుగా, కొంచెం మట్టివాసనగా, ముక్కులో తిష్ఠ వేసుకుని కూర్చుంటుంది. మొన్న అక్కడే ఆగి ఉండగా నా కారు ఇంజిన్ ఒక్కసారి వణికి సర్దుకుంది. ఇంజిన్ వణికితే ఏడుపొచ్చేది లోకంలో నా ఒక్కదానికేనేమో!

నా తొమ్మిదో ఏట మా బాపుకు ఒక పాత తెల్ల కారు ఉండేది. దుబాయి పోయేవాళ్లను హైదరాబాదులో విమానం దగ్గర దింపి రావడం ఆయన పని. పసుపు ఉడికే రోజుల్లో మా వాడంతా ఆవిరి, వాకిళ్ల నిండా ఎండే కొమ్ములు, వాటి మధ్య సందు చూసుకుని మేము ఆడే తొక్కుడుబిళ్ల, అమ్మ చేతి వేడివేడి సర్వపిండి. ఆ తర్వాత పక్కింటివాళ్లు ఎండిన కొమ్ములను పెద్ద డ్రమ్ములో పోసి గిరగిరా తిప్పి పాలిషు పట్టేవారు. ఇక చూడాలి ఆ దుమ్ము! ఆడవాళ్లు నీళ్ల బిందె మొదలు పాలగిన్నె దాకా ప్రతిదాని మూతికీ పాత చీరగుడ్డ కట్టేవారు. కారు గాలి పీల్చే గొట్టంలో దుమ్ము చేరిందని బాపు రోజూ విసుక్కోవడం చూసి, బానెట్ తెరిచి ఉన్న ఒక పొద్దున అమ్మ దాని మూతికి కూడా తన ఆకుపచ్చ చీరగుడ్డ మడతలు పెట్టి కట్టేసింది. పక్కన నిలబడి దారం అందించింది నేనే.

ఆ రోజే బాల్కొండ నుంచి ఒక పిల్లగాడు మొదటిసారి దుబాయి పోతున్నాడు. కారు స్టార్ట్ చేస్తే దడదడలాడింది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతోంది, వెనక నల్లటి పొగ. బాపు ప్లగ్గులు తీసి గరుకు కాగితంతో రుద్దాడు. వాటి వైర్లు ఒక్కొక్కటే పీకి, ఏ సిలిండర్ మొరాయిస్తోందో చెవి పెట్టి విన్నాడు. నాలుగూ ఒకేలా ఉన్నాయి. కిందివైపు తిరిగి ఉన్న గొట్టం మూతి ఆయన కంట పడలేదు. వేళ మించిపోతోందని, ఇంజిన్ ఆగిపోకుండా స్క్రూ తిప్పి రేసు పెంచుకుని బయలుదేరాడు. దారిలో ఇందల్వాయి దగ్గర కారు ఆగిపోయింది. ఆ పిల్లగాడు బస్సు పట్టుకుని చేరేసరికి విమానం వెళ్లిపోయింది, వీసా గడువూ ఆ రోజుతో అయిపోయింది.

గంగారాం కాక బాపుకు చిన్ననాటి దోస్తు, బస్టాండు వెనక రేకుల షెడ్డులో మెకానిక్. అంతకు రెండు రోజుల ముందే మా కారులో పెట్రోల్‌కు గాలి కలిపే కార్బురేటర్‌ను శుభ్రం చేసింది ఆయనే. కారును షెడ్డుకు లాగించుకొచ్చి, వెనకే పరుగెత్తుకొచ్చిన నేను చూస్తుండగానే బాపు నలుగురిలో కాక మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వు చెయ్యి వెట్టినంకనే గిట్లయింది! గా పోరని బతుకు ఆగం జేసినవ్ గదరా!"

కాక ఒక ప్లగ్గు విప్పాడు. దానికి పట్టిన మసి చూసి, "పెట్రోల్ మస్తు తాగుతుంది, గాలే అందుతలేదు" అని గొణుక్కుంటూ గొట్టం కింద చెయ్యి పెట్టాడు. బాపు అటు తిరిగి జనానికి చెప్పుకుంటున్నాడు. కాక పిడికిట్లో ఆకుపచ్చ గుడ్డ. నా మొహం చూసి అది కట్టిందెవరో పోల్చుకున్నాడు. కోపమొస్తే బాపు అమ్మ మీద చెయ్యి చేసుకుంటాడని ఆయనకు తెలుసు. గుడ్డను జేబులో కుక్కుకున్నాడు.

"తప్పు నాదేరా. మొన్న కార్బురేటర్ స్క్రూ ఎక్కువ తిప్పిన."

కాక స్క్రూ తిప్పి స్టార్ట్ చేస్తే ఇంజిన్ నిమ్మళంగా తిరగసాగింది. బాపు మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. "మీ బాపుకు చెప్పకు బిడ్డా, నా మీదొట్టు." నేనూ నోరు విప్పలేదు. చిన్నప్పుడంటే భయం, పెద్దయ్యాక ఏమొచ్చింది నాకు? సిగ్గుచేటు. అమ్మ పోయిన తర్వాత కూడా చెప్పలేదు.

నిరుడు గంగారాం కాక చనిపోయాడు. ఇక ఉండబట్టలేక బాపుకు అంతా చెప్పేశాను. ఆయన తలెత్తలేదు.

"నాకెరుకే. తెల్లారి గొట్టం తుడుస్తుంటె ఆకుపచ్చ దారం పోగులు దొరికినయ్. మీ అమ్మ చీర నేను గుర్తువట్టనా?"

"మరి కాక దగ్గరికి ఎందుకు పోలే బాపూ?"

"రేపు పోదం, రేపు పోదం అనుకున్న బిడ్డా."

ఇప్పుడు కారుకు చిన్న డబ్బా తగిలిస్తే రోగమేమిటో తెర మీద వచ్చేస్తుంది. ఇంజిన్‌కు చెవి పెట్టి వినేవాళ్లు లేరు. పాలిషు డ్రమ్ములు ఊరి బయటికి వెళ్లిపోయాయి. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. బాపు ఇప్పుడు రోజూ సాయంత్రం వెళ్లి, ఆ దుకాణం మెట్టు మీద కాసేపు కూర్చుని వస్తాడు.