ఆమోసుగారి ఇద్దరు షుగర్లు

ఆమోసుగారిని భోంచేశారా అని అడిగితే చాలు, జవాబు వెల్టర్ వెయిట్ బాక్సర్ల దగ్గరికి వెళ్లిపోయేది. కుర్రతనంలో రైల్వే జట్టు తరఫున ఆ తూకంలోనే గుద్దులు తిన్న మనిషి. రిటైరై ఉయ్యూరు వచ్చాక ఆయనకు మిగిలిన సమస్య ఒక్కటే. నలభైల నాటి షుగర్ రే రాబిన్సన్, ఎనభైల నాటి షుగర్ రే లెనార్డ్ ఎదురుపడితే గెలిచేది ఎవరు?

ఈ ప్రశ్న ఆయన పెళ్లిపందిళ్లలో వేశారు, బ్యాంకు క్యూలో వేశారు, పన్ను పీకబోతున్న డాక్టరును ఆపి మరీ వేశారు. ఆయన పిన్ని రావమ్మ అయితే ఆ షుగర్లిద్దరూ ఊళ్లోని పంచదార ఫ్యాక్టరీలో పనిచేసి పోయినవాళ్లనుకుని, పాపం వాళ్ల పిల్లలు ఎలా ఉన్నారని ఆరా తీసింది. గంటలకొద్దీ వాదించినా తీర్పు మాత్రం ఆయన ఇవ్వరు. గ్లౌజులు వేరు, కాలం వేరు అంటూ లేచిపోతారు.

ఆయన మరదలు మార్త ఆ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. తమ్ముడు ఏసుపాదం మొదటి భార్య కృప జబ్బుచేసి పోయాక, ఈమెను చేసుకున్నాడు. కొత్త ఇంట్లో మార్తకు నవ్వు తెప్పించేవి బావగారి బాక్సర్ల కబుర్లే.

కృప జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. మార్త తెల్లవారకముందే లేచి అందరికీ వంట చేసింది. ప్రార్థనయ్యాక, పోయిన మనిషి గురించి తెలిసినవాళ్లు తలా రెండు మాటలు చెప్పడం ఆనవాయితీ. రావమ్మ లేచి కృప పాట, కృప ఓర్పు, కృప మర్యాద అన్నీ చెప్పి, "కృప ఉన్నప్పుడు ఈ ఇల్లు ఇల్లులా ఉండేది," అంది.

చూపులన్నీ మార్త నిలబడ్డ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. ఏసుపాదం తల దించుకున్నాడు. ఎన్నేళ్లు కాపురం చేసినా ఇక్కడ తాను ఓడిపోయిన మనిషేనని మార్తకు అనిపించింది. సాయంత్రం బస్సుకే పామర్రులో పుట్టింటికి వెళ్లిపోదామని నిశ్చయించుకుంది.

అప్పుడు ఆమోసుగారు లేచారు. పాస్టరుగారు వాచీ చూసుకున్నారు.

రాబిన్సన్ పేరు వినపడగానే వెనక వరుస మొత్తం నిట్టూర్చింది. ఆయన చలించలేదు. ఒకాయన రెండు వందల దాకా పోటీలు ఆడాడనీ, ఇంకొకాయన నలభై ఆడాడనీ, ఇద్దరూ మహానుభావులేననీ బైబిలు వాక్యం చెప్పినంత గంభీరంగా వివరించారు. తర్వాత గొంతు తగ్గించారు.

"కృప నాకు చెల్లెలి లాంటిది. ఆ పిల్లను నేను మరిచిపోలేను. కానీ పిన్నీ, వాళ్లిద్దరూ ఒక్క రింగులో ఎప్పుడూ నిలబడలేదు. జరగని ఆటలో ఒకరు ఓడిపోయారని చెప్పే రిఫరీ మనకెందుకు? మార్తా, ఇలా ముందుకొచ్చి కూర్చోమ్మా."

మార్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏసుపాదం పక్కన కూర్చుంది. బావగారు ఇన్నేళ్లూ తీర్పు ఇవ్వనిది తెలియక కాదని, ఎవరినో ఒకరిని ఓడించడానికి మనసొప్పకేనని ఆమెకు అప్పుడర్థమైంది. పామర్రు బస్సు సంగతి మళ్లీ తలుచుకోలేదు.

భోజనాల దగ్గర రావమ్మకు ఆమే చేపల పులుసు వడ్డించింది. ముసలావిడ ఒక ముద్ద తిని, "ఇదే కృప చేస్తేనా..." అని మొదలుపెట్టింది.

ఎదుటి వరుసలో ఆమోసుగారు మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నారు.

"ఇంకాస్త పులుసు వెయ్యమ్మా," అంది రావమ్మ గబగబా.