మత్తు ఇవ్వబోతుంటే వచ్చిన కంపు

దెయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. నేను మత్తు డాక్టర్ని. మందు మోతాదు తప్ప దేన్నీ నమ్మేదాన్ని కాదు.

రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో ఏలూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళేదాన్ని. ఒక మధ్యాహ్నం కొల్లేరు లంక నుంచి ఒకమ్మాయిని కాన్పుకి తెచ్చారు. పుట్టుకతోనే కీళ్ళు బిగుసుకుపోయాయి. మోకాళ్ళు చాపలేదు, వెన్ను వంకర, నోరు సరిగా తెరుచుకోదు. బిడ్డేమో అడ్డం తిరిగింది. ఆపరేషన్ తప్పదు.

తలుపు దగ్గర జనం ఆమె కాళ్ళకేసి తిరనాళ్ళలో వింత చూసినట్టు చూస్తున్నారు. "ఇలాంటివాళ్ళకి పెళ్ళెందుకండీ" అన్నది కోత కోయాల్సిన డాక్టరే, ఆమె వింటుండగానే. నాకు ఒళ్ళు మండింది.

ఏమైనా తిన్నావా అని అమ్మాయిని అడిగితే, అత్తగారు అందుకుంది.

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ."

అడిగిందెందుకంటే, కడుపులో అన్నం ఉండగా పూర్తి మత్తు ఇస్తే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ నోట్లోంచి ఊపిరి గొట్టం వేయడమే కష్టం, ఇక కాపాడేదేముంది? అందుకే నడుము కింది భాగానికే మత్తు ఇద్దామనుకున్నాను. వెన్నులో సూది ఎన్నిసార్లు గుచ్చినా ఎముకకే తగిలింది. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది.

"జనరల్ ఇచ్చేయండి మేడం" అన్నాడు డాక్టరు. పూర్తి మత్తు సిరంజి తీశాను.

అప్పుడొచ్చింది కంపు. చెరువులో చేపలు చచ్చి తేలితే వచ్చే కుళ్ళు కంపు. మాస్కు ఉన్నా ఆగలేదు. నర్సునడిగితే స్పిరిట్ వాసన తప్ప ఏమీ లేదంది.

అంతకు చాలా ఏళ్ళ ముందే, ఒక జ్వరం తర్వాత నాకు వాసన తెలియడం పూర్తిగా పోయింది. ఇక రాదని ముక్కు డాక్టరు తేల్చేశాడు కూడా.

సిరంజి పక్కన పెట్టేశాను. డాక్టరు విసుక్కుంటున్నా ఆమెను మళ్ళీ పక్కకి తిప్పించి, వెన్నుకి ఓరగా సూది గుచ్చాను. ఈసారి సూదిలోంచి వెన్నునీటి చుక్క కనబడింది, మందు ఎక్కించాను.

బిడ్డను తీస్తుండగా ఆమె వాంతి చేసుకుంది. మెలకువలో ఉంది కాబట్టి తల పక్కకి తిప్పుకోగలిగింది. అన్నం, చేప ముక్కలు. నా చేతుల నిండా పడ్డాయి. ఇద్దరూ బతికారు.

బయటికొచ్చి అత్తగారిని నిలదీశాను.

"ప్రార్థన చేసి నాలుగు ముద్దలు పెట్టానండీ. కోతకి బలం ఉండాలి కదండీ."

"మరి ముట్టలేదన్నారేం?"

"చెబితే ఆపరేషన్ ఆపేస్తారేమోనండీ."

పైగా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యమే.

నా చేతుల మీది వాంతి నుంచి మాత్రం నాకు ఏ వాసనా తెలియలేదు. ఆ తర్వాత ఏదీ తెలియలేదు. మూడేళ్ళకి నాకు పాప పుట్టింది. దాని తల మీద ముక్కు ఆనించి ఎన్నిసార్లు పీల్చానో. పసిపిల్లల వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ కుళ్ళు కంపు ఒక్కటీ నాకెలా తెలిసిందో, ఈ రోజుకీ చెప్పలేను.