పసుపు నీళ్లలో కరగదు

మా ఆయన మాట నేను సగమే నమ్ముతాను. మిగతా సగం నా కళ్లతో చూసుకోవాల్సిందే. ఆలూరులో బాయిలర్ కోళ్ల షెడ్డు వేసినప్పటి నుంచీ ఇదే నా పద్ధతి.

షెడ్డులో ఒక మూల జాలీ కట్టి రెండు వందల కోళ్లను వేరుగా పెంచుతున్నాం. వాటికి యాంటీబయాటిక్ మందు పెట్టం. వెల్లిపాయ, ఓమ, వేపాకు, పసుపు ఎండబెట్టి నేనే దంచి దాణాలో కలుపుతాను. మొయినాబాద్‌లో ఉండే ఒకామె అడిగితేనే ఇదంతా మొదలుపెట్టాం. వాళ్లది విజయవాడ వైపు. ఆమె కూతురికి ఐదేళ్లు. జ్వరమొస్తే మామూలు మందులు పనిచేయడం లేదట, కోడి మాంసంలో మిగిలే మందే కారణమని ఆమె భయం. "మందు పెట్టని కోడి అయితేనే పాపకు పెడతానండీ" అంది. సరేనన్నాను. మొదటి రెండు బ్యాచీల్లోనూ ఒక్కోసారి వచ్చి నమ్మకంగా కోడిని పట్టుకెళ్లింది.

మూడో బ్యాచీకి నాకు అనుమానం పుట్టింది. నాలుగు రోజుల ముసురుకు కింద పరిచిన వరిపొట్టంతా తడిసింది. అయినా ఒక్క కోడీ రెక్క వాల్చలేదు, తుమ్మలేదు. నా పొడికి అంత మహిమ ఉందా? ఊహూ, నన్ను నేనే అంత నమ్మను.

ఒక పొద్దున చూస్తే వాటి నీళ్ల డబ్బాలో పసుపుపచ్చ రంగు.

"ఏందిది?" అని మా ఆయనను నిలదీశాను.

"పసుపే. దాణల నువ్వే కలిపితివి గద. ముక్కులకు అంటి నీళ్లల్ల పడ్డది."

"పసుపు నీళ్లల్ల కరుగుతదా? అడుగున కూసుంటది. ఇన్నేండ్ల సంది వండుతున్న, నాకే చెప్తవా?"

ఆ డబ్బాను గంటసేపు గట్టు మీద కదపకుండా పెట్టాను. అడుగున ఇసుమంత మడ్డి లేదు. ఒళ్లు మండిపోయింది. వెతికితే దాణా బస్తాల వెనక అదే రంగు యాంటీబయాటిక్ పొడి డబ్బా దొరికింది, సగం ఖాళీగా.

"ముసురు వట్టిన్నాడు ఒక కోడి ముడుసుకొని కూసున్నది. భయమైంది. చెయ్యి ఆగలే" అన్నాడు.

"చిన్నపిల్ల పానంతోటి ఆటలా నీకు?" అని అరిచాను.

ఆదివారం మొయినాబాద్ ఆమె స్టీలు డబ్బా తెచ్చుకుని పాపతో సహా వచ్చింది. ఏమీ చెప్పకుండా కోసి ఇచ్చేయమని మా ఆయన సైగ చేశాడు. నాకు మనసొప్పలేదు.

"ఈసారి వద్దమ్మా. నీళ్లల్ల మందు కలిసింది. తప్పు మాదే" అన్నాను. చెప్పేశాక కాస్త తేలికపడ్డాను కూడా.

ఆమె కోప్పడలేదు. డబ్బా మూత బిగించి పాపను దగ్గరకు తీసుకుంది.

"ఈసారే కదండీ? ముందు రెండుసార్లు పాప తిన్నవాటిలో లేదు కదా?"

లేదనబోయి మా ఆయన వైపు చూశాను. ఆయన నేలచూపులు చూస్తున్నాడు.