తాతబాబు కిరాణి ఒప్పుకోడు

తాతబాబుకి ఒకటే జబ్బు: దేనికీ ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడం లోకంలో కొత్తేమీ కాదు. వండిన కూరకి సగం మంది మగాళ్ళు ఒప్పుకోరు, కానీ లోపల్లోపల గొణుక్కుంటూ తినేస్తారు. తాతబాబు గొణగడు. లేచి నిలబడతాడు, కుడిచెయ్యి ఆకాశంలోకి ఎత్తుతాడు, మలయాలోని సుంగై సిపుట్ ఊరి బజారు ఆ చివరిదాకా వినబడేలా "నానొప్పను! ప్రొటెస్టు!" అని అరుస్తాడు.

రబ్బరు తోటలో జీవితమంతా కిరాణిగా, అంటే గుమాస్తాగా, పనిచేసినవాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెల్లదొర ముందు "ఎస్సార్" తప్ప రెండో మాట అన్న పాపాన పోలేదు. రిటైరైన మర్నాడు మొదలైంది ఈ చెయ్యెత్తడం. అన్నేళ్ళూ కడుపులో కుక్కుకున్న "కాదు"లన్నీ ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయని జయరామ్ సిద్ధాంతం.

జయరామ్ దగ్గర సిద్ధాంతాలకి కొదవలేదు. పాత సామాన్ల కొట్టులో చెదలు తినగా మిగిలిన ఇంగ్లీషు పుస్తకాలు చదివి సొంతంగా తయారుచేసుకున్నవి. పగలు లారీ కంపెనీలో బిల్లులు రాస్తాడు, సాయంత్రం కాలేజీకి వెళ్తాడు, ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి కెప్టెన్. లోకం తనని గుర్తించలేదని అతనికి లోకం మీద కోపం. లోకాన్ని దగ్గర పెట్టుకుని తిట్టడం కుదరదు కనుక ఆ కోపమంతా దగ్గర్లో ఉన్న తాతబాబు మీద చూపించేవాడు.

ఒకసారి తాతబాబు చుట్టాలమ్మాయి పెళ్ళి. మూడు ముళ్ళూ పడ్డాయి, అక్షింతలు లేచాయి. వాటితోపాటు తాతబాబు చెయ్యి కూడా లేచింది.

"ముహూర్తం ఇంకా రానేదు! ముందే కట్టినాడు! ప్రొటెస్టు!"

పంతులుగారికి బంటింగ్ ఊళ్ళో ఇంకో పెళ్ళుంది. ఈయనతో వాదించడం కన్నా మళ్ళీ కట్టించడం సుళువని ఆయన అనుభవం మీద గ్రహించాడు. పెళ్ళికొడుకు మొత్తం ఆరు ముళ్ళు వేశాడు. ఇప్పటికీ ఆ మనిషి బజార్లో ఎదురైతే, ఒకే నేరానికి రెండు శిక్షలు పడ్డవాడిలా కనిపిస్తాడు.

ఇంట్లో మాత్రం తాతబాబు ఆటలు సాగవు. "సారులో ఉప్పు నేదు, ప్రొటెస్టు!" అని చెయ్యెత్తితే భార్య బంగారమ్మ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి కూడా తిరగదు.

"సెయ్యి దింపండి, సంక నొప్పెడతాది. మనింట్లో రీప్లే నేదు, మళ్ళీ వొండడం నేదు. ఆ సారే రేప్పొద్దున్నా."

అలాంటి మనిషిని తెచ్చి జట్టుకి మేనేజర్ని చేసిందెవరో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. నిజానికి పోటీ లేదు. ఖాళీ సమయమూ సొంత సైకిలూ రెండూ ఉన్నవాడు ఊళ్ళో ఆయనొక్కడే.

కాలేజీ అంటే మరీ గొప్పగా ఊహించుకోకూడదు. సైకిల్ షాపు మేడ మీద మూడు గదులు. కింద ట్యూబులకి గాలి కొడుతుంటే పైన కేంబ్రిడ్జి పరీక్షకి బీజగణితం చెప్పేవారు. ఎవరికి ఎంత ఎక్కిందో గానీ ట్యూబులకి మాత్రం నిండుగా ఎక్కేది. పెరాక్ రాష్ట్రంలో ఇలాంటి కాలేజీలు నాలుగు కలిసి మగపిల్లల బాస్కెట్‌బాల్ లీగ్ ఒకటి పెట్టుకున్నాయి: మనదొకటి, ఈపోది ఒకటి, క్వాలా కంగ్సార్‌ది ఒకటి, తెలుక్ ఆన్సన్‌ది ఒకటి. కాలేజీలకి గోడలే సరిగ్గా లేవు, ఇంక కోర్టులెక్కడివి? ప్రతి ఊళ్ళోనూ చైనావాళ్ళ సంఘం సిమెంటు కోర్టే గతి.

అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద పటాలం లారీలు, మధ్యలో జనం. తోటల్లో కూలీలుండే ఇళ్ళ వరసల్ని లైన్లంటారు, వాటి చుట్టూ ముళ్ళకంచె కట్టారు. పొద్దుగూకితే గేటుకి తాళం. ఆ తర్వాత బయట కనిపించాలంటే పాసుండాలి. లీగ్‌లో ఆడే కుర్రాళ్ళకి మాత్రం పోలీసులు సీజన్ పొడుగునా చెల్లేలా సాయంత్రం పాసులిచ్చారు. చీకటి పడ్డాక పుస్తకం పట్టుకు తిరిగేవాడంటే వాళ్ళకి అనుమానం, బంతి పట్టుకు తిరిగేవాడంటే నమ్మకం. లోకంలో పుస్తకానికున్న మర్యాద ఇంతేనని జయరామ్ ఎప్పుడో తేల్చేశాడు.

జట్టులో అలాంటి పాసు మీద వచ్చేవాడు ఒక్కడే, కన్నబాబు. రబ్బరు పాలు తీసే దేవుడమ్మ కొడుకు. మనిషి ఎత్తు చూసి మొదటిరోజు జయరామ్ మురిసిపోయాడు. రెండోరోజు ఆట చూశాడు. బంతి తన వైపు వస్తే కన్నబాబు మర్యాదగా పక్కకి తప్పుకుని దానికి దారిచ్చేవాడు. పొరపాటున అవతలి జట్టువాడికి మోచెయ్యి తగిలితే ఆట ఆపి క్షమాపణ చెప్పేవాడు. మిగతా టైమంతా బెంచీ మీద కూర్చుని రేఖాగణితం చేసుకునేవాడు. ఏడాది చివర్లో కేంబ్రిడ్జి పరీక్ష రాయాలని వాడి ఆరాటం. ప్రాక్టీసు అవ్వగానే మేడెక్కి క్లాసులో కూర్చునేవాడు. క్లాసయ్యాక తాతబాబు సైకిల్ వెనకాల కూర్చుని, పొడుగు కాళ్ళు రోడ్డు మీద ఈడ్చుకుంటూ లైన్లకి పోయేవాడు.

"మావయ్యా, వీడు మనకెందుకు?" అన్నాడు జయరామ్.

"పొడుగున్నాడు కదా లా." మాట చివర ఆ 'లా' తగిలించడం మలయా అలవాటు.

"తాడిచెట్టు కూడా పొడుగే. దాన్ని తీసుకుందామా?"

"తాడిసెట్టు పేక్టీసుకి టయానికి రాదు. ఈడు వస్తాడు."

జయరామ్‌కి ఆ ఏడు కప్పు కావాలి. ఊరికే కాదు. టీచర్ల ట్రైనింగ్ ఇంటర్వ్యూలో "లీగ్ కప్పు గెలిచిన కెప్టెన్" అని చెప్పుకుంటే, బిల్లులు రాసే బతుకు నుంచి బయటపడొచ్చని అతని ఆశ. మిగతా మూడు జట్లనీ కొట్టగలనన్న ధైర్యం ఉంది. మేనేజర్ని ఎలా కొట్టాలో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

సీజన్ మొదటి మ్యాచ్ క్వాలా కంగ్సార్‌లో. ఓడిపోయారు. చెయ్యి లేచింది.

"వానకి బంతి తడిసింది. బరువెక్కింది. ప్రొటెస్టు!"

లీగ్ సెక్రటరీ వేలాయుధం తమిళాయన, నిదానస్తుడు. "కిరాణి సార్, అదే బంతితో వాళ్ళు కూడా ఆడారు కదా?" అన్నాడు.

"ఆళ్ళు బలమైనోళ్ళు. మావోళ్ళు కూరగాయలు తినేవోళ్ళు."

విచారణకి పదిహేను రోజులు గడువిచ్చారు. పదిహేను రోజులయ్యాక కమిటీ కూర్చుంది. కమిటీలో అందరూ సాక్ష్యాల కన్నా గోడ గడియారాన్నే ఎక్కువ చూశారు. కర్ఫ్యూ లోపల ఇళ్ళకి చేరాలి. తాతబాబు మాట్లాడ్డం మొదలెడితే చేరలేరు. "సరి సరి, రీప్లే, మళ్ళీ ఆడండి" అనేశాడు వేలాయుధం.

అంతే, తాతబాబుకి దారి దొరికింది. ఈపోలో రింగు కిందికి వంగిందన్నాడు. తెలుక్ ఆన్సన్‌లో రిఫరీ బూట్లు కాకుండా చెప్పులేసుకున్నాడన్నాడు. ఇంకోసారి ఆట మధ్యలో వీధికుక్క ఒకటి కోర్టు అడ్డంగా పరిగెత్తింది.

"కుక్క బంతిని ముట్టుకున్నాది! ముట్టుకుని ఆళ్ళకి పాసిచ్చినాది! ఆళ్ళు ఆరుగురాడినారు! ప్రొటెస్టు!"

"కడవులే, దేవుడా!" అని తల పట్టుకున్నాడు వేలాయుధం. "కుక్క ఏ కాలేజీ సార్?"

"అది మీరు ఇచారించండి. అందుకే గదా కమిటీ!"

విచారించారు. రీప్లే.

అందాకా జయరామ్ ఓర్చుకున్నాడు. ఓడినప్పుడు చెయ్యెత్తితే సగం లాభమే కదా అని సర్దుకున్నాడు. కానీ జూన్‌లో ఈపో వాళ్ళ మీద తన జన్మలో ఆడనంత బాగా ఆడి గెలిచాడు. కుర్రాళ్ళు అతన్ని భుజాలకెత్తుకున్నారు. ఆ ఎత్తు నుంచి చూస్తే బెంచీ దగ్గర తెలిసిన చెయ్యి ఒకటి పైకి లేచి ఉంది.

"మావోళ్ళు గెలిసింది నాయం కాదు. రెండో సగం ఒక నిమిషం పొట్టిగా ఆడించినారు. ప్రొటెస్టు!"

కుర్రాళ్ళు జయరామ్‌ని కింద పడేశారు.

"మావయ్యా! మనం గెలిచాం!"

"గెలిస్తే మాత్రం? నాయం నాయమే లా."

"న్యాయం కావాలంటే కోర్టుకి పో! ఇది బాస్కెట్‌బాల్ కోర్టు!"

"కోర్టు కోర్టే కదరా" అన్నాడు తాతబాబు ప్రశాంతంగా.

రీప్లేలో ఓడిపోయారు. ఆ ఓటమి మీద కూడా ప్రొటెస్టు చేశాడు, అది వేరే సంగతి. ఆ రోజునుంచి జయరామ్ ఆయనతో మాట్లాడ్డం మానేశాడు. ఆయన దాని మీద కూడా ప్రొటెస్టు చేశాడు.

మే నెలలో ముగియాల్సిన సీజన్ ఆగస్టుకి వచ్చింది. మెర్దేకా వచ్చింది. కాఫీ కొట్టులో రేడియో చుట్టూ ఊరంతా చేరి, స్వతంత్రం, స్వతంత్రం అని కౌగిలించుకున్నారు. బ్రిటిషువాడు వందేళ్ళుగా పట్టుకున్న దేశాన్నే వదిలేశాడు గానీ తాతబాబు తెలుక్ ఆన్సన్ రిఫరీ చెప్పుల్ని వదల్లేదు. మెర్దేకా వచ్చిన సంగతి తోటల్లో ముళ్ళకంచెకి కూడా ఎవరూ చెప్పినట్టు లేదు. అది ఉన్నచోటే ఉంది, గేటుకి తాళం పడే వేళకి పడుతూనే ఉంది.

సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. మిగతా కాలేజీల కుర్రాళ్ళలో ఒకడికి పెళ్ళయింది, ఒకడు ఉద్యోగానికి సింగపూర్ పోయాడు. తాతబాబు గొంతు మాత్రం బొంగురుపోయింది. "ప్రొటెస్టు" అంటే గుడ్లగూబ దగ్గినట్టుండేది. అయినా చెయ్యి లేస్తే చాలు, వేలాయుధం ఏమిటీ ఎందుకూ అని అడక్కుండానే "రీప్లే" అనేసేవాడు.

డిసెంబరులో ఒక ఆదివారం, పట్టపగలు, సుంగై సిపుట్‌లోనే ఫైనల్. ఇటు మనవాళ్ళు, అటు ఈపో. కోర్టు చుట్టూ జనం. లైన్లనుంచి కూడా కొందరొచ్చారు.

చివరి క్షణాల దాకా జయరామ్ జట్టు ఒక్క పాయింటు ముందుంది. రిఫరీ ఈల ఊదాడు. ఆట అయిపోయింది. ఈల చప్పుడు పూర్తిగా అణిగాక ఈపో కుర్రాడొకడు సరదాకి బంతిని రింగు వైపు విసిరాడు. పడింది. రిఫరీ ఎండదెబ్బ తిన్నాడో ఏమో, రెండు వేళ్ళు చూపించి పాయింట్లిచ్చేశాడు.

సీజన్ మొత్తం మీద ఇంత నిఖార్సయిన అన్యాయం జరగలేదు. ఈపో వాళ్ళు గెలిచి కూడా గెంతలేదు. గెంతడం దండగని వాళ్ళకి తెలుసు. రిఫరీ, వేలాయుధం, జనం, చెట్టుకొమ్మ మీద కాకులూ, అందరూ తాతబాబు వైపే చూశారు.

తాతబాబు చెయ్యి లేచింది. లేచి, చెవి గోక్కుని, కిందికి దిగింది.

"ఏటలా సూస్తన్నారు? ఓడిపోనాం. మంచి మేచ్ లా. ఇళ్ళకెల్లండి."

వేలాయుధం సోడా తాగుతున్నవాడల్లా పొరబోయి దగ్గాడు. "కిరాణి సార్, ఒంట్లో బాగాలేదా?"

జయరామ్ ఆరు నెలల మౌనం మరిచిపోయి ఆయన మీదికి దూకాడు. "ఈల తర్వాత పడింది మావయ్యా! కళ్ళారా చూశావు! చెయ్యెత్తు! మేనేజర్ ఎత్తితేనే చెల్లుతుంది!"

"మంచి బంతిరా. కుర్రోడు ముద్దుగా ఏసినాడు."

"కుక్క ముట్టుకుంటే ఎత్తావు! నే గెలిస్తే ఎత్తావు! ఇప్పుడు నా కప్పు పోతుంటే చెవి గోక్కుంటావా?"

తాతబాబు ఏదో చెప్పబోతే గుడ్లగూబ దగ్గే వచ్చింది. ఇంతలో జనంలోంచి దేవుడమ్మ వచ్చింది. చేతిలో మూతపెట్టిన లోటా.

"ఓలమ్మా, ఇంకా అరిపించకు బాబూ ఆయనసేత" అంది జయరామ్‌తో. "మిరియాల కసాయం ఎట్టుకొచ్చినాను. బాబూ, తాగండి. మావోడి పరీచ్చ సుక్కురోరంతో అయిపోనాది. ఇంకా కేకలెందుకు?"

"పరీక్షకీ కేకలకీ ఏమిటి సంబంధం అత్తా?" అన్నాడు జయరామ్.

"సీజను ఉన్నంతవరకే పాసు, అవ్వగానే ఇచ్చేయాల అని గేటుకాడ కానిస్టేబులు సెప్పినాడు కదా. మే నెలలో అయిపోతాదంట. మరి మావోడి సదువు? నాను ఏడుత్తుంటే ఈ బాబొచ్చి, 'నువ్వూరుకో దేవుడమ్మా, సీజన్ని నానవ్వనిస్తానేటి?' అన్నారు. అవ్వనీనేదు."

జయరామ్ తాతబాబు వైపు తిరిగాడు. తాతబాబు కషాయం మీద ఎక్కడలేని శ్రద్ధ చూపిస్తున్నాడు.

"నిజమేనా మావయ్యా?"

"సీ! అదేటీ కాదు. రింగు నిజంగానే వంగింది. కుక్క నిజంగానే ముట్టుకున్నాది. అన్నీ నిజం ప్రొటెస్టులే." ఒక గుక్క మింగాడు. "కొన్ని ఎక్కువ నిజం, కొన్ని తక్కువ నిజం."

"నాకు ముందే చెప్పొచ్చుగా?"

"సెపితే నువ్వు కోపంగా ఉంటావేటి? నువ్వు అంత కోపంగా ఉండబట్టే కమిటీవోళ్ళు నమ్మినారు."

జయరామ్‌కి కోపం రావాలి. అలవాటైన కోపం, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేది. ఆ పూట ఎందుకో రాలేదు. ఈపో వాళ్ళు కప్పెత్తుకుని గెంతుతున్నారు. కన్నబాబు వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కడికీ చెయ్యి కలిపి, ఇన్నాళ్ళూ ఇబ్బంది పెట్టినందుకు క్షమాపణ చెబుతున్నాడు.

"అది కాదు గానీ బాబూ," అని దేవుడమ్మ గొంతు తగ్గించింది, "మా తమ్ముడు అప్పడున్నాడు కదా, పొగగూట్లో రబ్బరు షీట్లు ఆరేస్తాడు. మేనల్లుణ్ణి సూసి ఆడూ సదువుతానంటన్నాడు. వొచ్చే ఏడు పరీచ్చకి."

తాతబాబు జయరామ్ వైపు చూడకుండా లోటా వైపు చూస్తూ అన్నాడు. "జట్టుకి కెప్టెన్ ఒప్పుకోవాల మరి."

"పొడుగెంత అత్తా?" అన్నాడు జయరామ్.

"నీ బుజం కాడికి కూడా రాడు బాబూ. అడ్డంగా మాత్రం బాగానే ఉంటాడు."

"వయసు?"

"నలబైకి దగ్గిర."

జయరామ్ నిట్టూర్చాడు. ఎదురుగా రింగు వైపు ఓసారి, తాతబాబు బొంగురు గొంతు వైపు ఓసారి చూశాడు.

"సెంటర్‌లో ఆడిద్దాం" అన్నాడు. "నువ్వు గొంతు జాగ్రత్త చేసుకో మావయ్యా. ఈసారి డిసెంబరు దాకా నువ్వొక్కడివే లాగలేవు. ఆ చెయ్యెత్తడం ఎలాగో నాకూ కాస్త నేర్పు."